ఇంట్లో కుక్కలు కొట్టుకుంటుంటే ఏం చెయ్యాలి: స్లెడ్ లాగే జట్ల దగ్గర నేను నేర్చుకున్నది

మా ఇంట్లో మొదటి పెద్ద కొట్లాట అన్నం గిన్నె దగ్గర జరగలేదు, వీధి గుమ్మం దగ్గర జరిగింది. తెల్లవారుజామున విశాఖ బీచ్ రోడ్డుకి బయలుదేరుతున్నాం, నా చేతిలో మూడు తాళ్లు, మూడు కుక్కలూ గ్రిల్ తలుపు ముందు ఎగిరెగిరి పడుతున్నాయి, సరిగ్గా అప్పుడే అవతల నుంచి ఒక వీధి కుక్క వెళ్లింది. మా హస్కీ, దాని పేరు మంచు, ఆ కుక్క మీదకి దూకబోయి గ్రిల్‌కి గుద్దుకుంది, అక్కడ ఏమీ చెయ్యలేక గిర్రున వెనక్కి తిరిగి పక్కనే ఉన్న బ్రూనో చెవి పట్టేసింది. బ్రూనో తొమ్మిదేళ్ల లాబ్రడార్, ఎవరినీ ఏమీ అనడు. ఆ గోలకి మూడోది, వీధి నుంచి తెచ్చుకున్న చిట్టి కూడా వచ్చి కలిసింది. నేను మధ్యలో చెయ్యి పెట్టాను. ఎవరి పళ్లు దిగాయో ఇప్పటికీ తెలియదు, అరచెయ్యి మాత్రం చీరుకుపోయింది.

ఆ తర్వాత వారం రోజులు ఇంటికి వచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట, హస్కీని ఎవరికైనా ఇచ్చెయ్యమని. ఒక ట్రైనర్‌ని పిలిస్తే, దాన్ని వెల్లకిలా పడుకోబెట్టి మెడ మీద చెయ్యి వేసి నొక్కి పట్టుకుంటే ఇంట్లో బాస్ ఎవరో దానికి అర్థమవుతుంది అన్నాడు. రెండుసార్లు అలా చేశాను. తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది, ఎందుకంటే కొట్లాటలు తగ్గలేదు సరికదా, నా చెయ్యి పైకి లేస్తే చాలు ముడుచుకుపోవడం అలవాటైంది దానికి. ఇప్పుడు రాస్తున్నది అలాంటి స్థితిలో ఉన్నవాళ్ల కోసం. రెండు మూడు కుక్కలున్న ఇల్లు, అందులోనూ హస్కీ ఉంటే మరీ.

నాకు దారి దొరికింది ఇక్కడ కాదు, అలాస్కాలో స్లెడ్ జట్లు నడిపేవాళ్ల పద్ధతుల్లో. స్లెడ్ అంటే మంచు మీద కుక్కలు లాగే బండి. హస్కీ జాతి పుట్టిందే ఆ పనికి కదా, మరి వాళ్లు అన్ని కుక్కల్ని ఎలా పెట్టుకుంటున్నారు అనే ప్రశ్నతో మొదలుపెట్టాను. యాంకరేజ్ నుంచి నోమ్ దాకా సుమారు 1600 కిలోమీటర్లు సాగే ఇడిటరాడ్ పందెం 1973 నుంచి జరుగుతోంది, ఒక్కో జట్టుకి పదికి పైగా కుక్కల్ని కట్టనిస్తారు. మధ్యలో ఒక పొడవాటి తాడు, దానికి అటొకటి ఇటొకటి జంటలుగా కుక్కలు, పక్కదాని ఒంటి వేడి తగిలేంత దగ్గరగా, రోజుల తరబడి. అందులో ఏ రెండు కుక్కలు కొట్టుకున్నా తాళ్లు మెలిపడి జట్టు మొత్తం ఆగిపోతుంది. అందుకే తోటి కుక్కల మీద పడే కుక్కని, అది ఎంత వేగంగా పరిగెత్తినా సరే, వాళ్లు జట్టులో పెట్టుకోవడానికి ఇష్టపడరు, దాని నుంచి పిల్లల్ని తియ్యడానికి అసలే ఇష్టపడరు. అయినా చిరాకు పడేవీ, పిరికివీ, మరీ ఉత్సాహం ఎక్కువైనవీ ప్రతి జట్టులోనూ ఉంటాయి. వాటితో ఎలా నెట్టుకొస్తారంటే, భయపెట్టి కాదు. ఏ కుక్క ఎక్కడ నిలబడాలి, ఎవరి పక్కన, ఏ క్షణంలో అన్నది ముందే చూసుకుంటారు. గుణం మార్చడానికి ఏళ్లు పడుతుంది, చోటు మార్చడానికి నిమిషం చాలు.

ఇదంతా మా తాతయ్యకి చెబితే ఆయనకి వింతగా ఏమీ అనిపించలేదు. ఆనందపురం దగ్గర వ్యవసాయం చేసిన మనిషి. "ఏరా, కొత్త కోడెని కాడికి కట్టేటప్పుడు పక్కన ఇంకో కోడెని కడతామా? ముసలెద్దుని కడతాం. దాపటికి అలవాటైన దాన్ని వెలపటికి మారిస్తే అదీ గొడవ చేస్తుంది. కుక్కైనా అంతే కదా" అన్నాడు. ఆ సాయంత్రం మా ఇంటి పెరట్లో ఏ కుక్కని ఎక్కడ కట్టానో చూసి, "ఈ రెంటినీ ఎదురెదురుగా ఎందుకు కట్టావు, రోజంతా ఒకదాన్నొకటి గుడ్లురిమి చూసుకోవడానికా?" అని అడిగాడు. నిజమే, ఆ సంగతి నాకు తట్టనే లేదు.

బాస్ అనే మాట పక్కన పెట్టండి

మందలో ఒకటి పైన, మిగతావి కింద, అందుకోసమే కొట్లాట అనే ఆలోచన చాలావరకు తోడేళ్ల నుంచి వచ్చింది. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే ఆయన బోనులో కలిపి ఉంచిన తోడేళ్లని చూసి రాసింది దానికి పునాది. అడవిలో తోడేళ్లని ఏళ్ల తరబడి చూసిన డేవిడ్ మెక్ కూడా మొదట్లో అదే చెప్పి, 1999లో దాన్ని సరిదిద్దారు. అడవిలో మంద అంటే అమ్మ, నాన్న, పిల్లలు, అంటే ఒక కుటుంబం అని. ఒకదానికొకటి సంబంధం లేని జంతువుల్ని ఇరుకులో పెడితే కొట్టుకుంటాయి, అది బోనులో తోడేళ్లకీ నిజమే, రెండు గదుల ఫ్లాట్‌లో మన కుక్కలకీ నిజమే.

కాబట్టి మొదట చెయ్యాల్సింది ఒక నోట్‌బుక్ పెట్టడం. రెండు వారాలు, ప్రతి గుర్రుమనడం, ప్రతి కీచులాట రాయండి: ఎన్నింటికి, ఎక్కడ, అంతకు ముందు అర నిమిషంలో ఏం జరిగింది, ఎవరు ఎవరి వైపు చూశారు. మా నోట్‌బుక్‌లో పద్నాలుగు రోజుల్లో పదకొండు గొడవలు పడ్డాయి, వాటిలో ఏడు గుమ్మం దగ్గరే, మూడు తిండి దగ్గర, ఒకటి మంచం కింద. అది చూశాక సగం టెన్షన్ తగ్గింది, ఎందుకంటే కొట్లాట ఎప్పుడైనా ఎక్కడైనా రావచ్చు అనుకున్నది కాస్తా దాదాపుగా రెండు చోట్లకి వచ్చి ఆగింది.

రాసేటప్పుడు ఒంటిని చూడడం నేర్చుకోండి. కొట్లాటకి ముందు కుక్క దాదాపు ఎప్పుడూ చెబుతుంది. ఒళ్లు బిగుసుకుంటుంది, నోరు మూసుకుంటుంది, తోక పైకి లేచి కర్రలా నిలబడుతుంది, లేదా కళ్ల తెల్లగుడ్డు కనబడేలా ఓరగా చూస్తుంది. ఊరికే పెదాలు నాక్కోవడం, ఆవలించడం, తల పక్కకి తిప్పుకోవడం అంటే నన్నొదిలెయ్యి అని బతిమాలడం. వీపు మీద వెంట్రుకలు లేవడం కోపమే కానక్కర్లేదు, ఉత్సాహానికీ లేస్తాయి. గుర్రుమన్నందుకు మాత్రం దయచేసి కొట్టకండి. గుర్రు అనేది హెచ్చరిక, ఆ హెచ్చరికని మీరు కొట్టి మాన్పిస్తే రేపు అది హెచ్చరించకుండానే కరుస్తుంది. గుర్రుమంటే మీరు చెయ్యాల్సింది రెండోదాన్ని అక్కడి నుంచి పిలిచెయ్యడం, అంతే.

గుమ్మం దగ్గర

దీని గురించి ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఎక్కువ ఇళ్లలో ఇక్కడే మొదలవుతుందని నా నమ్మకం.

స్లెడ్ బయలుదేరే ముందు జట్టుని చూస్తే భయమేస్తుంది. మంచులో కొక్కెం దించి స్లెడ్‌ని ఆపి ఉంచుతారు, కుక్కలేమో అరుస్తూ, గాల్లోకి ఎగురుతూ, తాళ్లు కొరుకుతూ ఉంటాయి. పరిగెత్తాలనే తహతహ లోపల పొంగిపోతుంది, బయటికి పోయే దారి లేదు, అలాంటప్పుడు పక్కన ఉన్నదాన్ని పట్టి కరవడం జరుగుతుంది. దానికి పక్క కుక్క మీద పగ ఏమీ ఉండదు. మా గ్రిల్ దగ్గర మంచు చేసింది అచ్చంగా ఇదే. స్లెడ్ కదిలిన మరుక్షణం ఆ అరుపులన్నీ ఆగిపోయి, అన్నీ ముందుకే చూస్తూ నిశ్శబ్దంగా పరిగెడతాయి.

దీనికి వాళ్లు చేసే పని చాలా మామూలుది. కుక్కల్ని ఒక్కొక్కటిగా, ఒక వరసలో కడతారు. తాడుని బిగువుగా పట్టి ఉంచి నిలకడగా నిలబడగల ముందు కుక్క మొదట, మరీ రెచ్చిపోయేది, తాళ్లు కొరికేది చివర, బయలుదేరబోయే క్షణంలో. అంటే ఉడుకు కుక్క జట్టు పక్కన ఊరికే నిలబడి ఉండే సమయం ఒక్క నిమిషానికి మించదు.

ఇంట్లో ఇలా చేస్తాను. తాళ్లు గుమ్మం దగ్గర తగిలించడం మానేశాను, అవి కనబడితేనే గోల మొదలవుతుంది. మంచుకి పడకగదిలో, తలుపేసి, పట్టీ వేస్తాను. బ్రూనోని మా ఆవిడ ముందు బయటికి తీసుకెళ్లి గేటు దాటించి నడక మొదలుపెట్టేస్తుంది, తర్వాత చిట్టి, చివర మంచు. మనిషి ఒక్కరే ఉంటే ఒక్కో కుక్కని విడిగా తిప్పండి, మూడింటినీ కలిపి తీసుకెళ్లి తీరాలని ఏ రూలూ లేదు. అపార్ట్‌మెంట్ అయితే లిఫ్ట్‌లో రెండింటిని ఎప్పుడూ కలిపి ఎక్కించకండి, అంత ఇరుకు చోటు ఇంకోటి లేదు, పైగా తలుపు తెరుచుకున్నప్పుడు ఎదురుగా ఇంకో కుక్క నిలబడి ఉండొచ్చు. బయటికి రాగానే ఆగి కబుర్లు చెప్పొద్దు, కదలండి. అన్నీ ఒకే వైపు నడుస్తున్నంతసేపు ఒకదాని ముఖం ఒకటి చూసుకోవు. గొడవంతా నిలబడిపోయినప్పుడే.

నడకలో ఎవరి పక్కన ఎవరు అన్నది కూడా ముఖ్యమే. స్లెడ్ జట్టులో ముందు నడిచే కుక్క బలమైనదో, మిగతావాటిని భయపెట్టేదో అనుకుంటాం. కాదు. మాట వినేది, ఎదురుగా ఇంకో జట్టు వస్తున్నా తల తిప్పకుండా పక్క నుంచి పోగలిగేదే ముందుంటుంది. దానికి వాళ్లకి ప్రత్యేకంగా ఒక ఆజ్ఞే ఉంది, "ఆన్ బై" అని, అంటే పట్టించుకోకుండా సాగిపో అని. 'జీ' అంటే కుడి, 'హా' అంటే ఎడమ. స్లెడ్‌కి సరిగ్గా ముందుండే జంట మీద బండి కుదుపులన్నీ పడతాయి కాబట్టి అక్కడ బలంతోపాటు దేనికీ ఉలిక్కిపడని కుక్క కావాలి. పిరికిదాని పక్కన నిదానమైన పెద్ద కుక్కని కడతారు. గ్రీన్‌లాండ్‌లో అయితే వేరే పద్ధతి, చెట్లు లేని మంచు మైదానం కాబట్టి ఒక్కో కుక్కకీ ఒక్కో తాడు, విసనకర్ర పుల్లల్లా విప్పారి పరిగెడతాయి, దేని పక్కన పరిగెత్తాలో చాలావరకు అవే చూసుకుంటాయి.

మా నడకలో బ్రూనో మధ్యలో ఉంటాడు, ఆడవి రెండూ అటూ ఇటూ. "పద, పద" అనేది మా ఆన్ బై. మొదట్లో ఖాళీ రోడ్డు మీద, ఆ మాట అని ముందుకి నాలుగడుగులు వేసి ఒక చికెన్ ముక్క పెట్టడం అలవాటు చేశాను, తర్వాత దూరంగా వీధి కుక్క ఉన్నప్పుడు, ఆ తర్వాత కాస్త దగ్గర్లో. ఇది కుదరడానికి మూడు నెలలు పట్టింది. మన వీధుల్లో ప్రతి మలుపుకీ ఒక గుంపు ఉంటుంది కాబట్టి ఇది వస్తే సగం బతుకు హాయి.

ఎదురొచ్చే జట్టుకి దారి ఇవ్వడం గురించి టోగో సంగతి చెప్పాలి. 1925లో నోమ్‌లో డిఫ్తీరియా వచ్చినప్పుడు, నెనానా అనే ఊరి నుంచి దాదాపు 1085 కిలోమీటర్లు, ఇరవై మంది చేతులు మారి, కుక్కల బళ్ల మీదే మందు చేరింది. అందులో లియన్‌హార్డ్ సెప్పాలా జట్టుకి ముందు కుక్క టోగో. చిన్నప్పుడు అది పెద్ద అల్లరిది, తప్పించుకుని పోయి పనిలో ఉన్న జట్ల మీదకి ఎగబడేది, ఒకసారి వేరే జట్టు కుక్కల చేతిలో బాగా గాయపడింది కూడా. దాన్ని ఎనిమిది నెలల వయసులో పట్టీ వేసి జట్టులో కడితే కుదురుకుంది. అల్లరి కుక్కలన్నీ టోగోలు అవుతాయని కాదు, పనిలేని తెలివైన కుక్క ఎలా ఉంటుందో చెప్పడానికి ఇది చాలు.

తిండి దగ్గర

ఇది సులువు. స్లెడ్ కుక్కల దొడ్లో చాలాచోట్ల ఒక్కోదానికి ఒక్కో గూడు, ఒక్కో గిన్నె, తన హద్దు తనది. దారిలో ఆగినా ఏ కుక్క ముక్క దాని ముందే పడుతుంది. మీరూ అంతే చెయ్యండి, వేరే వేరే గదులు, తలుపులు మూసి, తినడం అయ్యాక గిన్నెలు తీసేశాకే తలుపులు తియ్యాలి. బొమికలు మరీ ప్రమాదం, ఒక్క బొమిక చాలా సేపు కాపలా కాయాల్సిన ఆస్తి. ఫిషింగ్ హార్బర్ నుంచి చేపలు తెచ్చిన రోజు మా వంటగదికి మూడింటికీ ప్రవేశం లేదు. కుక్క తింటున్నప్పుడు గిన్నె లాగి "నా దగ్గర ఊరుకుంటుందా లేదా" అని పరీక్షించే అలవాటు కొందరికి ఉంటుంది, దయచేసి మానండి, మీరు లాక్కునేవాళ్లని దానికి నేర్పడం తప్ప దాని వల్ల ఒరిగేదేమీ లేదు.

ఒంట్లో బాగా లేకపోతే, ఎండ ఎక్కువైతే

ఇన్నాళ్లూ బాగున్న కుక్క ఉన్నట్టుండి కసురుకోవడం మొదలుపెడితే ముందు పశువైద్యుడి దగ్గరికి వెళ్లండి, ట్రైనర్ దగ్గరికి కాదు. పన్ను నొప్పి, చెవి పోటు, కీళ్ల నొప్పి, చూపు తగ్గడం, వీటన్నిటికీ కుక్క చెప్పగలిగింది గుర్రుమనడమే. మన విశాఖలో పిడుదులు ఏడాది పొడవునా ఉంటాయి, వాటి వల్ల వచ్చే జ్వరం లోపల ఉన్నా కుక్క ముట్టుకోనివ్వదు. బ్రూనో తుంటి నొప్పి తెలిసేదాకా, మంచు వాడి మీదకి ఎగిరి ఆడబోతే వాడెందుకు విసుక్కుంటున్నాడో మాకు అర్థం కాలేదు.

ఎదకొచ్చిన ఆడకుక్క ఉంటే మగవి రెండూ కొట్టుకోవడం అందరికీ తెలిసిందే. అంతగా తెలియనిది, ఒకే ఇంట్లో రెండు ఆడకుక్కలకి పడకపోతే అది మగవాటి గొడవ కన్నా మొండిగా సాగుతుంది. ఒకటి నుంచి మూడేళ్ల వయసు మధ్య, అప్పటిదాకా కలిసి ఆడుకున్నవే తేడాగా మారడం కూడా మామూలే. రెండో కుక్కని తెచ్చుకోబోతుంటే ఆడ, మగ జంటగా, వయసులో తేడా ఉండేలా, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించి పెట్టుకోండి.

ఇక ఎండ. హస్కీని అలిసిపోయేలా పరిగెత్తిస్తే కోపం తగ్గుతుందని సైకిల్‌కి కట్టి పరిగెత్తించేవాళ్లని చూశాను. చేతులు జోడించి చెబుతున్నాను, వద్దు. సున్నాకి కింద చలిలో పరిగెత్తడానికి పుట్టిన ఒంటికి సముద్రపు గాలి ఉక్కలో వగర్చినా వేడి బయటికి పోదు. చిగుళ్లు ఎర్రబడి, నురగలాంటి చొంగ కారుతూ తూలితే అది వడదెబ్బ, నీళ్లతో తడిపి ఫ్యాన్ కింద పెట్టి వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాల్సిందే. ఏప్రిల్ నుంచి జూన్ దాకా మేం సూర్యుడు రాకముందే తిరిగి ఇంటికి వచ్చేస్తాం, మిగతా పని ఇంట్లోనే, గుడ్డల మూటల్లో తిండి దాచి వాసన పట్టి వెతికించడం. అరగంట ముక్కుతో వెతికితే హస్కీ కూడా పడుకుంటుంది.

కొట్లాట మొదలైపోతే

చెయ్యి పెట్టొద్దు. మెడ పట్టీ పట్టుకోవాలని అనిపిస్తుంది, ఎక్కువమంది చేతులు చీరుకునేది అక్కడే. అరవొద్దు, అరుపు వాటికి ఇంకా ఊపునిస్తుంది. ఒకటి రెండు సెకన్లు పెద్ద చప్పుడు, స్టీలు పళ్లెం నేలకేసి కొట్టినట్టు. ఆగకపోతే బకెట్ నీళ్లు ముఖాల మీద. దుప్పటి ఒకటి తలల మీద పడేసినా పట్టు సడలుతుంది. మధ్యలోకి ప్లాస్టిక్ కుర్చీయో చెక్కో దూర్చొచ్చు. ఇద్దరు మనుషులుంటే, చెరో కుక్క వెనక కాళ్లు తొడల దగ్గర పట్టి లేపి, ఒకేసారి వెనక్కి, కాస్త పక్కకి తిరుగుతూ నడవాలి. కానీ ఒకటి కొరికి పట్టుకుని వదలకుండా ఉంటే మాత్రం లాగకండి, కండ చీరుకుపోతుంది, వదిలిన క్షణంలో విడదియ్యాలి.

విడిపోయాక వేరే గదుల్లో పెట్టి, బొచ్చు విడదీసి ప్రతి అంగుళం చూడండి. కోరపన్ను దిగిన గాయం పైకి చిన్న చుక్కలా ఉంటుంది, లోపల లోతుగా ఉండి రెండు రోజుల్లో చీము పడుతుంది. మీకు పన్ను గీరుకున్నా సరే, కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి, గడియారం చూసి మరీ. పసుపు, కారం, కాఫీ పొడి ఏదీ పెట్టొద్దు. అదే రోజు డాక్టర్‌కి చూపించండి, మన కుక్కకి టీకాలు వేయించాం కదా అని మీరే తేల్చుకోవద్దు. రేబిస్ టీకా ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా వేస్తారు. చర్మంలోకి వేసే పద్ధతిలో మొదటి రోజు కాకుండా 3, 7, 28 రోజులకి మళ్లీ వెళ్లాలి, గాయం తగ్గింది కదా అని మధ్యలో మానేసేవాళ్లు ఉన్నారు, మానకండి. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక బతకడం దాదాపు లేదు.

రాజీ పేరుతో అదే సాయంత్రం ఎదురెదురుగా కూర్చోబెట్టొద్దు. కనీసం కొన్ని రోజులు ఒకదానికొకటి కనబడకుండా ఉంచండి. తర్వాత సాగర్ నగర్ వైపు ఇసుకలాంటి వెడల్పైన చోట, తెల్లవారుజామున, ఇద్దరు మనుషులు, రెండు కుక్కలు, ముప్ఫై అడుగుల దూరంలో ఒకే వైపు నడవాలి. ఏదైనా బిగుసుకుంటే ఇంకా దూరం. ఒళ్లు వదులై ఇసుక వాసన చూసుకుంటూ నడుస్తుంటే మర్నాడు రెండడుగులు దగ్గరికి. ఇంట్లో కలిపేముందు బుట్టలాంటి మూతిచిక్కం అలవాటు చెయ్యండి, నోరు తెరిచి వగర్చడానికీ నీళ్లు తాగడానికీ వీలుండేది. నోరు బిగించేసే గుడ్డది మన ఎండలో అసలు వద్దు.

మంచుకీ బ్రూనోకీ ఇలా నాలుగు వారాల్లో కుదిరింది. మంచుకీ చిట్టికీ ఏడాదిన్నర దాటినా పూర్తిగా కుదరలేదు. స్లెడ్ జట్లలో కూడా ఏ రెండింటిని ఎప్పటికీ పక్కపక్కన కట్టకూడదో నడిపేవాళ్లకి తెలిసి ఉంటుంది, ఒకటి ముందుంటే ఇంకోటి వెనక, అలాగే ఏళ్లు గడిచిపోతాయి. మా రెండూ బయట కలిసి నడుస్తాయి, బ్రూనో మధ్యలో పడుకుంటే హాల్లో కలిసి నిద్రపోతాయి. మేం కూరగాయలకి వెళ్లాలంటే మాత్రం చిట్టి వంటగదిలో, మంచు పడకగదిలో, రెండు తలుపులకీ గడియ పెట్టాకే వెళ్తాం.